ఆ కిర్రు ఎక్కడినుంచి? మూడు నెలలు మా బండి కింద దూరిన కథ

మా బండి నవంబర్ 9న కిర్రుమనడం మొదలుపెట్టి ఫిబ్రవరి 8న ఆపింది. సరిగ్గా మూడు నెలలు. ఈలోగా నాకు 25,190 రూపాయలు వదిలాయి, అందులో దగ్గర దగ్గర సగం దండగ ఖర్చే. వ్యాన్‌ని ఇల్లులా మార్చుకుని తిరిగేవాళ్లు ఎవరైనా ఉంటే, కింద నుంచి ఇలాంటి శబ్దమే వస్తుంటే, షెడ్డుకి పోయేముందు ఒకసారి ఇది చదవండి. నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను.

మాది పాత టెంపో ట్రావెలర్. 2023లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. సీట్లు పీకించి మంచం, వంటగట్టు, సింకు, 150 లీటర్ల నీళ్ల ట్యాంకు, రెండు ఇన్వర్టర్ బ్యాటరీలు, చిన్న టాయిలెట్ పెట్టించాం. ఆర్సీలో మార్పుల కోసం తిరిగిన తిరుగుడు వేరే పురాణం, ఇక్కడ వద్దు. 2024 జూన్‌కి పని అయిపోయింది. టాయిలెట్ తలుపు సరిగ్గా పడట్లేదని ఆగస్టు చివర్లో మళ్లీ సింగ్ నగర్‌లోని షెడ్డుకి ఇచ్చాను. విజయవాడ వాళ్లకి తర్వాత ఏమై ఉంటుందో ఈపాటికే అర్థమై ఉంటుంది. సెప్టెంబర్ 1న బుడమేరు వాగు వచ్చి మీద పడింది. ఆరో రోజుకి గానీ బండి దగ్గరికి వెళ్లలేకపోయాను. చక్రాలు సగానికి పైనే మునిగాయి, లోపలి ఫ్లోరుకి జానెడు కిందే నీళ్లు ఆగాయి. మంచం తడవలేదు, బ్యాటరీలు తడవలేదు, దేవుడు చల్లగా చూశాడు అనుకున్నాం. ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, వెనక డిఫరెన్షియల్ ఆయిల్ మార్పించి, బ్రేకులు విప్పించి కడిగించి, చక్రాల బేరింగులకి కొత్త గ్రీజు పెట్టించి, ఇక వరద సంగతి అయిపోయిందని మర్చిపోయాను. అలా మర్చిపోవడమే నేను చేసిన పెద్ద తప్పు.

కార్తీక మాసం కదా అని నవంబర్ 9 శనివారం తెల్లవారుజామునే శ్రీశైలం బయల్దేరాం. అమ్మ, మా ఆవిడ, పాప, నేను. వినుకొండ దాకా పాటలు పెట్టుకుని హాయిగా వెళ్లాం. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే మొదటి పెద్ద మలుపులో వెనక నుంచి కిర్ర్ర్ అని ఒక సాగదీసిన చప్పుడు. రెండో మలుపులో మళ్లీ. గుంటలో పడితే కిర్రు, లేస్తే కిర్రు.

"బావి గిలకలా అరుస్తోందేంట్రా, కాస్త ఆముదం పోయించు" అంది అమ్మ వెనక నుంచి. అందరం నవ్వాం. మర్నాడు సాయంత్రం దిగేటప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ఆ అడవి రోడ్డు గేటు రాత్రి 9కి మూసేస్తారు. ఆలోపు దోర్నాల చేరాలి, ఇక్కడేమో బండి ప్రతి మలుపుకీ ఏడుస్తోంది, ఏదో ఒకటి ఊడి కిందపడుతుందేమోనని స్టీరింగ్ పట్టుకున్న చేతులకి చెమటలు. గేటు దాటి టీ కొట్టు ముందు ఆపి ఫోన్ లైటు వేసి కిందకి చూశాను. ఏం చూడాలో తెలిస్తే కదా కనపడటానికి! అన్నీ బాగానే ఉన్నట్టు కనిపించాయి.

నవంబర్ 11 సోమవారం మా వీధి చివర మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. మంచివాడే, కారు పనులు బాగా చేస్తాడు. రెండుసార్లు ఊపి చూసి, "గ్రీజు లేదు సార్ అంతే" అని, డీజిల్, పాత ఇంజిన్ ఆయిలు కలిపి పిచికారీ గన్‌తో కింద ముందు నుంచి వెనక దాకా తడిపేశాడు. 300 రూపాయలు. శబ్దం ఠక్కున పోయింది. ఇంత చిన్నదానికా రెండు రాత్రులు నిద్రపోలేదు అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆరో రోజుకి దుమ్ము పట్టి మళ్లీ మొదలైంది, ముందుకంటే ఇంకాస్త గరుకుగా. ఆ 300 రూపాయల పని వల్ల ఫిబ్రవరిలో నాకు ఇంకో 1,400 ఖర్చయింది, ఎలాగో చివర్లో చెబుతాను.

రెండో ప్రయత్నం ఆటోనగర్‌లో. నవంబర్ 20. అక్కడి ఒక షెడ్డులో బండి వెనక్కాల ఎక్కి దిగి, "షాక్ అబ్జార్బర్లు పోయాయి" అన్నారు. చేత్తో తడిమి చూపించారు, ఒకదానికి ఆయిలు చెమ్మ ఉంది. నిజానికి ఆ చెమ్మ మా వీధి మెకానిక్ కొట్టిన ఆయిలే. ఆ మాట నేను చెప్పలేదు, ఎందుకంటే అప్పటికి నాకూ తట్టలేదు. వెనక రెండూ కొత్తవి 6,200, కూలీ 800. బయటికొచ్చి బెంజి సర్కిల్ చేరేలోపే కిర్రుమంది. వెనక్కి తిప్పి తీసుకెళ్తే, "కొత్తవి కదా సార్, సెట్టవ్వాలి, వంద కిలోమీటర్లు తిప్పండి" అన్నారు. తిప్పాను. సెట్టవ్వలేదు. షాక్ అబ్జార్బరు పోతే బండి పడవలా ఊగుతుంది, లేదా టకటకా కొట్టుకుంటుంది. ఇలా సాగదీసి కిర్రుమనదు. ఇది ఆ తర్వాత ఎన్నో కబుర్లు విన్నాక తెలిసింది.

ఇంట్లో గొడవ ఇంకోటి. ఈ శబ్దం ఎక్కడినుంచి అన్నదాని మీద మా ముగ్గురిదీ మూడు దారులు. నడిపే నాకు నా కాళ్ల కింద నుంచే వస్తున్నట్టు ఉంటుంది. మంచం మీద కూర్చునే మా ఆవిడ "మీకు చెవులు పనిచేయట్లేదండీ, కుడి వెనక చక్రం దగ్గర" అంటుంది. పాప అయితే సింకు కింద అని పట్టుబట్టింది. రెండు ఫోన్లు పెట్టి రికార్డు చేశాం, ఒకటి మంచం కింద పెట్టెలో, ఇంకోటి సింకు అరలో. రెండింటిలోనూ ఒకేలా వినపడింది. కింద పొడవాటి ఇనప ఫ్రేము ఒక చివర చప్పుడుని ఇంకో చివరకి మోసుకొస్తుంది, పైన డొల్లగా ఉన్న బాడీ తబలాలా దాన్ని పెంచుతుంది. అందుకే చెవిని నమ్ముకుంటే లాభం లేదు. మా ఆవిడ చెప్పిందే చివరికి నిజమైంది, ఆ మాట ఇప్పటికీ నాకు నెలకోసారి గుర్తుచేస్తుంది.

నవంబర్ 30న నెల్లూరులో పెళ్లి. అదే రోజు ఫెంగల్ తుఫాను. ఒంగోలు దాటాక వాన పట్టుకుంది, నెల్లూరు దాకా వదల్లేదు. ఆ వానలో, వైపర్ల చప్పుడులో, రోడ్డు కనపడక కళ్లు పొడుచుకుంటూ నడుపుతుంటే ఒక విషయం నా బుర్రకి ఎక్కనే లేదు. బండి కిక్కురుమనలేదు. డిసెంబర్ 2న తిరిగొస్తుంటే, రోడ్డు ఆరిపోయిన చోట, చిలకలూరిపేట దగ్గర అనుకుంటా, మళ్లీ కిర్రు. "వచ్చేసింది మన చుట్టం" అంది పాప. నేను అప్పుడు కూడా ఆలోచించలేదు. సమాధానం రోడ్డు మీద పరిచి పెట్టినట్టు ఉంది, దాని మీద నుంచే బండి తోలుకొచ్చేశాను.

డిసెంబర్ 10న లోపల ఫర్నిచర్ చేసినవాళ్లనే పిలిచాను. ప్లైవుడ్ గట్లు ఇనప ఫ్రేముకి రాసుకుంటున్నాయేమోనని. వాళ్లు స్క్రూలు బిగించి, రాసుకునే చోట్ల ఫెల్టు ముక్కలు అంటించి, గ్యాస్ స్టవ్ మీద పళ్లాలు ఊగకుండా కట్టి 2,500 తీసుకున్నారు. దీన్ని పూర్తిగా దండగ అనను. చిన్నా చితకా టకటకలు చాలా పోయాయి. తీరా అవన్నీ పోయేసరికి అసలు కిర్రు ఇంకా స్పష్టంగా వినపడటం మొదలైంది. ఇదొక దిక్కుమాలిన సంగతి. ఒక శబ్దం పోగొడితే దాని వెనక దాక్కున్నది బయటికొస్తుంది, డబ్బులిచ్చి శబ్దం పెంచుకున్నట్టు అనిపిస్తుంది.

ఈలోపు బండి అమ్మేద్దామా అన్న మాట కూడా ఇంట్లో వచ్చింది. అమ్మ ఒక్కతే వద్దంది.

దారి చూపించింది ఆటోనగర్‌లో టీ తాగుతుంటే పక్కన నిలబడ్డ ఒక లారీ డ్రైవరు. అరవై ఏళ్లు ఉంటాయి. నేను ఎవరితోనో ఫోన్‌లో నా బాధ చెప్పుకుంటుంటే విని, ఫోన్ పెట్టేశాక అడిగాడు. "వానలో అరుస్తుందా బాబూ?"

గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది. నెల్లూరు రోడ్డు అంతా ఒక్కసారి కళ్ల ముందు తిరిగింది. "అరవదు బాబాయ్" అన్నాను.

"అయితే ఇంకేముంది, ఎండుగా రాసుకునేదేదో ఉంది. నీళ్లు కొట్టి చూడు, ఒక్కోచోట. ఆయిలు కొట్టకు, ఆయిలు కొడితే అన్నిటికీ పాకి ఏది దొంగో తెలీదు. నీళ్లయితే కాసేపటికి ఆరిపోయి మళ్లీ అరుస్తుంది. అప్పుడు ఖాయం." ఆయన టీ డబ్బులు నేనిస్తానంటే ఒప్పుకోలేదు.

డిసెంబర్ 15 ఆదివారం. మొక్కలకి కొట్టే స్ప్రే బాటిల్ 40 రూపాయలు. బండిని వీధిలో చదునుగా ఉన్నచోట పెట్టి, ఇంజిన్ ఆపి, గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకి ముందూ వెనకా ఇటుకలు పెట్టాను. జాకీ పెట్టలేదు. బరువు చక్రాల మీద ఉంటేనే శబ్దం వస్తుంది, పైగా ఊపుతున్న బండి కింద జాకీని నమ్మి దూరడం అంటే చావుకి కబురు పంపడమే. నేను కూడా పూర్తిగా కిందకి పోలేదు, పక్క నుంచి చెయ్యి మాత్రం పెట్టాను. నీళ్ల ట్యాంకు నింపాను, ఎందుకంటే నిండుగా ఉన్నప్పుడే బాగా అరుస్తుందని అప్పటికి గమనించాం. మా వీధి కుర్రాళ్లు ఇద్దరు వెనక మెట్టు మీద ఎక్కి లయగా గెంతారు. కిర్రు, కిర్రు, కిర్రు. నడపక్కర్లేకుండానే వస్తోంది! ఈ పని మొదటిరోజే చేసి ఉంటే ఎంత బాగుండేది.

ఒక్కో చోట నీళ్లు కొట్టడం, పదిసార్లు గెంతించడం, చాక్‌పీసుతో గుర్తు పెట్టడం. ముందు స్టెబిలైజర్ రాడ్డు (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) బుష్‌లు, అంటే దాన్ని పట్టి ఉంచే రబ్బరు ముక్కలు, తేడా లేదు. వెనక షాక్ అబ్జార్బర్ల కింది బుష్‌లు, తేడా లేదు. ఎడమ వెనక కమాన్ కట్ట (బండి బరువు మోసే, వంపు తిరిగిన ఉక్కు పట్టీల కట్ట), కొంచెం తగ్గినట్టు అనిపించింది. కుడి వెనక కమాన్ కట్ట మీద పట్టీల సందుల్లోకి నీళ్లు పోయేలా బాగా కొట్టాను. కుర్రాళ్లు గెంతుతున్నారు. నాలుగో గెంతుకి శబ్దం సన్నబడింది, ఆరో గెంతుకి మాయం. కుర్రాళ్లు తామే ఏదో తప్పు చేశామనుకుని ఆగిపోయారు. "గెంతండ్రా, ఆపకండి" అని అరిచాను. నిశ్శబ్దం. అరగంట ఆగాం, ఎండకి ఆరింది, మళ్లీ కిర్రు. మళ్లీ నీళ్లు, మళ్లీ నిశ్శబ్దం. మా ఆవిడ గుమ్మంలో నిలబడి "కుడి వెనక చక్రం దగ్గర అని ఎవరన్నారో" అంది.

అక్కడే ఇంకోటి కనపడింది. చక్రం పైన బాడీకి ఉండే ఖాళీ ఎడమవైపు కంటే కుడివైపు 4 సెంటీమీటర్లు తక్కువ. బండి కుడికి కుంగి ఉంది. ఎక్కే తలుపు ఎడమవైపు ఉంటుంది కాబట్టి వంటగట్టు, ట్యాంకు, బ్యాటరీలు అన్నీ కుడివైపే పెట్టారు. అప్పుడు నేనే సరే అన్నాను, చోటు కలిసొస్తుందని. 150 లీటర్ల నీళ్లంటే 150 కిలోలు. ఆ ట్యూబ్యులర్ బ్యాటరీ ఒక్కోటి 50 కిలోల పైనే. గట్టు రాయి వేరే. ఎవరం లెక్క చూడలేదు.

డిసెంబర్ 27న కాటా దగ్గరికి తీసుకెళ్లాను, లారీలు తూచే చోటు. ఒక తూకానికి వంద. మొత్తం బండి ఒకసారి, ముందు చక్రాలు మాత్రం ఒకసారి, కుడి చక్రాలు మాత్రం ఒకసారి. మూడోదానికి కాటా అతను ఒప్పుకోవడానికి కాస్త బతిమాలాల్సి వచ్చింది. "ఏం లోడండీ?" అని అడిగాడు. "ఇల్లండీ" అన్నాను. లోపలికి తొంగిచూసి, మంచం, సింకు చూసి, ఇంకేం మాట్లాడకుండా ఎక్కించమన్నాడు. మొత్తం 4,180 కిలోలు. ముందు 1,640, అంటే వెనక 2,540. కుడివైపు 2,270, ఎడమవైపు 1,910. తేడా 360 కిలోలు. ఐదుగురు మనుషులు రాత్రింబవళ్లు కుడివైపు కిటికీ పట్టుకుని వేలాడుతున్నట్టు. పక్కవైపు తూచేటప్పుడు కాటా పలక, పక్క నేల ఒకే మట్టంలో ఉండాలి, లేకపోతే లెక్క తప్పు వస్తుంది. వెళ్లేముందు అది చూసుకోండి.

కమాన్ల పని చేసే షెడ్డు ఆటోనగర్‌లోనే దొరికింది. అక్కడ ఆ ఒక్క పనే చేస్తారు, కొలిమి, దాగలి, సుత్తులు. మేస్త్రీ నా స్ప్రే బాటిల్ కథ విని నవ్వలేదు, అది చూసే నాకు నమ్మకం కుదిరింది. జనవరి 8న బండి పెట్టాను, రెండు రోజుల పని అన్నాడు.

విప్పేటప్పుడు దగ్గరే ఉన్నాను. కట్టని వైస్‌లో బిగించి, పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్టు తీసి, వైస్ మెల్లగా వదులు చేస్తే పట్టీలు ఒక్కోటి ఎడంగా లేచాయి. నేను మామూలు తుప్పు ఉంటుందనుకున్నాను. తుప్పు ఉంది, ఎర్రగా, పొలుసులు పొలుసులుగా. దాని మీద ఇంకో పొర ఉంది, నల్లగా, గట్టిగా, అప్పడం ముక్కల్లా పెళుసుగా విరుగుతోంది. మేస్త్రీ ఒక బిళ్ల గోటితో లేపి నా అరచేతిలో పెట్టాడు. "నీళ్లలో ఉందా సార్ బండి?"

సింగ్ నగర్ అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. వాళ్ల అక్కా వాళ్లదీ ఆ వైపేనట, కింద పోర్షను మొత్తం పోయిందట. ఆ బిళ్లని వేళ్ల మధ్య నలిపితే సన్నటి పొడి అయింది. సెప్టెంబర్‌లో వీధుల్లో ఎండాక లేచిన దుమ్ము ఇదే. ఆయిళ్లన్నీ మార్పించి వరదని కడిగేశాననుకున్నాను, అది నాలుగు నెలలుగా పట్టీల మధ్య కూర్చుని నాతోపాటు శ్రీశైలం కూడా వచ్చింది.

కడిగాక ఇంకో సంగతి బయటపడింది. కుడివైపు మెయిన్ పట్టీ మీద, చివర చుట్ట తిరిగే వంపు దగ్గర, వెంట్రుకంత పగులు. గోటితో రాస్తే తగులుతుంది. అది విరిగితే వెనక యాక్సిల్ ఒకవైపు జరిగిపోతుందని మేస్త్రీ చాలా మామూలుగా చెప్పాడు. నాకు దోర్నాల మలుపులు గుర్తొచ్చి కాళ్లలో వణుకు పుట్టింది. వెనక మా అమ్మ గిలక, ఆముదం అని జోకులేస్తోంది అప్పుడు.

కొత్త మెయిన్ పట్టీ 11న వచ్చింది. అప్పటికి పనివాళ్లంతా సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లిపోయారు. 13 భోగి, 14 పండగ, 15 కనుమ, ఆ తర్వాత ముక్కనుమ, ఆ తర్వాత ఆదివారం దాకా ఎవరు మాత్రం వస్తారు? బండి చెక్క దిమ్మల మీద, వెనక చక్రాలు లేకుండా, షెడ్డు మూలన. పండక్కి ఊరికి ఈ బండిలోనే పోదామనుకున్న మేము ఆర్టీసీ బస్సులో నిలబడి వెళ్లాం. పండగల ముందు కమాన్లు విప్పించకండి, నా మాట వినండి.

20వ తేదీ సోమవారం పని మళ్లీ మొదలైంది. పాత పట్టీలకి తుప్పు గీకి, కుంగిన వాటిని కొలిమిలో పెట్టి వంపు ఎక్కించి, పట్టీ పట్టీకీ మధ్య గ్రాఫైట్ గ్రీజు రాసి బిగించారు. అమ్మ ఆ రోజు నాతో వచ్చింది, ఇంట్లో తోచక. నల్లగా మెరుస్తున్న ఆ గ్రీజు చూసి, "ఇది కందెనే కదరా!" అంది. మా తాత ఎడ్లబండి ఇరుసుకి గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి పెట్టేవాడట. మేస్త్రీ "అదేనమ్మా, ఇప్పుడు డబ్బాలో వస్తోంది" అన్నాడు. కొత్త మెయిన్ పట్టీ 3,200, విప్పి కొట్టి కట్టిన కూలీ 4,500, కట్టని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు, సెంటర్ బోల్టులు 1,600, పిన్నులు, రబ్బరు బుష్‌లు 2,100. మొత్తం 11,400. ఒక బ్యాటరీని ఎడమవైపుకి మార్పించడానికి లావు కేబులు, ఎలక్ట్రీషియన్ కలిపి 1,800. ట్యాంకుని కదపలేం కాబట్టి ఇప్పుడు దారిలో దొరికే నీళ్లే పట్టుకుంటున్నాం, ఇంటి దగ్గర సగమే నింపుతున్నాం.

జనవరి 21న బండి ఇంటికొచ్చింది. నిశ్శబ్దం. స్పీడ్ బ్రేకర్ల కోసమే వెతుక్కుని మరీ వెళ్లి ఎక్కించాను.

తొమ్మిది రోజులు. జనవరి 30న వెనక నుంచి కీచుమంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. కానీ ఇది వేరే శబ్దం, సాగదీసిన కిర్రు కాదు, పొట్టిగా, ఎలక తొక్కుడు పడ్డట్టు. స్ప్రే బాటిల్ తీశాను. కమాన్ కట్ట మీద కొడితే తేడా లేదు, చివర చుట్టలో ఉండే రబ్బరు బుష్ మీద కొడితే ఆగింది. మేస్త్రీకి ఫోన్ చేస్తే ఆయన వెంటనే పట్టేశాడు. పండగ తర్వాత హడావుడిలో కుర్రాడు బండి దిమ్మల మీద ఉండగానే ఆ బోల్టులు పూర్తిగా బిగించేశాడు. గాల్లో వేలాడే కమానుకీ బరువు మీద ఉన్న కమానుకీ వంపు వేరు. గాల్లో బిగిస్తే బండి కిందకి దిగగానే బుష్‌లోని రబ్బరు మెలిపడి, ఎప్పుడూ ఆ మెలికలోనే ఉంటుంది, కీచుమంటుంది, తొందరగా చిరుగుతుంది కూడా. బండిని చక్రాల మీదే నిలబెట్టి బోల్టులు వదులు చేసి, నాలుగుసార్లు ఊపి, అలాగే బిగించాడు. పావుగంట పని, డబ్బులు తీసుకోలేదు. మీ బండికి బుష్‌లు మారిస్తే ఆఖరి బిగింపు నేల మీద చేశారో లేదో అడగండి, అడగడానికి మొహమాటపడకండి.

మిగిలింది ముందు నుంచి వచ్చే సన్నటి చప్పుడు, స్టీరింగ్ తిప్పుతూ గుంట దిగితే మాత్రమే. ఇది ఎప్పుడు మొదలైందో కూడా తెలీదు, పెద్ద కిర్రు కింద దాక్కుని ఉంది. స్టెబిలైజర్ రాడ్డు బుష్‌లు. డిసెంబర్‌లో నీళ్లు కొట్టినప్పుడు ఇవి శుభ్రంగానే ఉన్నాయి కదా అనుకుని విప్పితే, రబ్బరు ఉబ్బి మెత్తబడి, చేతికి నల్లగా అంటుకుంటోంది. డీజిల్, ఆయిలు తగిలితే రబ్బరు అలాగే పాడవుతుంది. నవంబర్‌లో 300 ఇచ్చి తడిపించుకున్నది ఇదే. బుష్‌లు 900, కూలీ 500, నా సొంతంగా కొన్న సిలికాన్ స్ప్రే 450. రబ్బరుకి సిలికాన్ అయితే ఏమీ కాదు. అది ఫిబ్రవరి 8. ఆ రోజు నుంచి బండి మాట్లాడటం మానేసింది.

500 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాలన్నాడు మేస్త్రీ, 15న వెళ్తే ఒక్కోటీ పావు చుట్టు తిరిగింది. లెక్క అడిగేవాళ్ల కోసం: వీధి మెకానిక్ 300, షాక్ అబ్జార్బర్లు 7,000, ఫర్నిచర్ 2,500, ఆ 300 పుణ్యాన పోయిన బుష్‌లు 1,400, ఇవి 11,200. అవసరమైనవి స్ప్రే బాటిల్, సిలికాన్, కాటా, కమాన్లు, కేబులు కలిపి 13,990.

ఫిబ్రవరి 21న మారేడుమిల్లి వెళ్లాం. రంపచోడవరం దాటాక ఎవరూ మాట్లాడటం లేదు, పాటలు కూడా పెట్టలేదు, నలుగురం చెవులు రిక్కించి కూర్చున్నాం. ఘాట్‌లో పది మలుపులు, ఇరవై మలుపులు, ఏమీ లేదు. చింతూరు వైపు దిగుతుంటే పక్కనుంచి చిన్నగా టిక్కుమంది. బ్రేకు వేశాను. అమ్మ ముందు సీటులో కూర్చుని ఉంది. అమ్మ కదిలితే టిక్కు, కదలకపోతే లేదు. సీటు కింద పట్టాలోనో, బెల్టు గుచ్చే దగ్గరో ఏదో ఉంది.

"స్ప్రే బాటిల్ ఇవ్వనా నాన్నా?" అంది పాప.

"నా మీద నీళ్లు కొడితే ఊరుకోను" అంది అమ్మ. అది ఇప్పటికీ టిక్కుమంటూనే ఉంది.